బండి కింద నుంచి చూస్తే

బావ మంచివాడని ఆ వీధి వీధంతా ఒప్పుకుంటుంది. పెయింట్ల షాపులో మేనేజరు, నోరు తెరిస్తే జోకు. అక్కతో పెళ్ళయిన పదేళ్ళలో ఆమె తమ్ముడు కూడా ఆ జోకులకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వినవాడే. అందులో సగం అక్క మీదవే. ఆమెకు గుమ్మం కనిపించదట, మంచం కోడు కనిపించదట, దేవుడు కాళ్ళిచ్చి వాటికి చూపివ్వడం మరిచిపోయాడట. ఎప్పుడు చూసినా ఆమె కాలివేళ్ళలో ఏదో ఒకదానికి కట్టు ఉండేది. ఆ కట్టు చూసి అందరూ నవ్వేవారు, అక్క కూడా నవ్వేది. మనిషి నవ్వుతుంటే నొప్పిగా ఉందా అని ఎవరడుగుతారు?

తమ్ముడు లారీ డ్రైవరు, ఉండేది వేరే ఊళ్ళో. ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి వచ్చి అక్కవాళ్ళ వ్యానుకు ఇంజన్ ఆయిలు మార్చి, ఆమె చేతి భోజనం తిని వెళ్తాడు. ఏడు సీట్ల ఆ వ్యాను నడిపేది అక్కే. తన ఇద్దరితో పాటు వీధిలో పిల్లలందరినీ ఎక్కించుకుని స్కూల్లో దింపి, మళ్ళీ సాయంత్రం తెస్తుంది. బావ దాని స్టీరింగ్ ముట్టుకునేది పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడే. ఆయిలు సంగతి వచ్చేసరికి మాత్రం ఆయనే పెద్ద మేస్త్రీ.

ఆ రోజు బావకు సెలవు. తమ్ముడు ఇంటి ముందు రేకుల షెడ్డులో వ్యాను ముందు భాగాన్ని జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టాడు. ఆయిలు పలచబడి మొత్తం దిగాలని ఇంజన్ కాసేపు ఆన్‌లో ఉంచి వేడెక్కించాడు. తర్వాత అట్టముక్క పరుచుకుని కిందికి దూరి ఛాంబరు నట్టు విప్పితే, నల్లగా కాగిన ఆయిలు పొగలు కక్కుతూ టబ్బులోకి దూకింది. ఈలోగా పైన యుద్ధం మొదలైంది. షెడ్డులో రెండు డబ్బాలున్నాయి. తమ్ముడు తెచ్చింది పల్చటి ఆయిలు, బావ తెచ్చింది చిక్కటిది. చిక్కగా ఉంటేనే ఇంజన్‌కు బలమని బావ సిద్ధాంతం. ఇది లారీ కాదు బావా, దీంట్లో ఆయిలు పోయే దారులు సన్నం, పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో చిక్కటిది పైకెక్కేసరికి ఆలస్యమవుతుంది అని తమ్ముడు కింద నుంచే నచ్చజెప్పాడు. నీళ్ళ కాఫీ తాగి పెరిగినవాడికి చిక్కదనం విలువేం తెలుస్తుందని బావ ఎకసెక్కమాడాడు. తమ్ముడికి నవ్వొచ్చింది కూడా.

అప్పుడే అక్క కాఫీ గ్లాసులతో వచ్చింది. బండి కింద పడుకున్నవాడికి మనుషులు చీలమండల దాకానే ఉంటారు. బావ బూట్ల పక్కన అక్క చెప్పులు వచ్చి ఆగాయి. ఎడమ చిటికెన వేలికి తెల్లటి కట్టు ఉంది.

"ఇంజన్ మూత మీదే రాసుందండీ, పల్చటిదే పొయ్యమని," అంది అక్క. "పోయినసారి మీరు చెప్పారని చిక్కటిది పోస్తే, పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే టకటకా కొట్టుకుంది."

బావ పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా వినబడుతుండగానే కింద కుడి బూటు లేచింది. మడమ సరిగ్గా ఆ కట్టు మీద దిగింది. తర్వాత, సిగరెట్టు ఆర్పినట్టు, నింపాదిగా అటూ ఇటూ తిరిగింది.

అక్క కాలు వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని ప్రయత్నం కూడా చెయ్యలేదు. మిగతా నాలుగు వేళ్ళూ చెప్పును గట్టిగా పట్టుకున్నాయి, అంతే. కట్టు ఎర్రబడింది.

"విన్నావా బావమరిదీ, మీ అక్క ఇంజనీరైపోయింది," అన్నాడు పైన బావ. కాఫీ చల్లారిపోతుందని అక్క అంది. ఆ గొంతులో వణుకన్నదే లేదు. కింద తమ్ముడికి అప్పుడర్థమైంది. ఈ కాలు దీనికి అలవాటు పడిపోయింది. గుమ్మమూ లేదు, మంచం కోడూ లేదు. పదేళ్ళుగా అన్నీ ఈ బూటే, పదేళ్ళుగా తను పడీ పడీ నవ్వింది దీనికే. సిగ్గుతో ఒళ్ళంతా భగ్గుమంది.

చెయ్యి చాచి ఆ చీలమండ దొరకబుచ్చుకుని బలంకొద్దీ లాగాడు.

బావ మొద్దులా వెనక్కి పడ్డాడు. తల గచ్చుకు కొట్టుకున్న చప్పుడు బండి కిందికి వినిపించింది. గాల్లోకి లేచిన రెండో కాలు మూత తీసి ఉన్న పల్చటి ఆయిలు డబ్బాను తన్నేసింది. తమ్ముడు బయటికి పాకుతుంటే మోచెయ్యి తగిలి టబ్బు ఒరిగింది. కాగిన ఆయిలు ముంజేతి మీద పడి చర్మం ఊడొచ్చినంత మంట పుట్టింది. ఆ మంట లెక్క చేసే స్థితిలో లేడు వాడు. బావ గుండెల మీదెక్కి కూర్చుని మొహం మీద గుద్దాడు, మళ్ళీ గుద్దాడు. ముక్కు పగిలి నెత్తురు మీసం మీదుగా నోట్లోకి దిగింది.

బావ కూడా తక్కువవాడేం కాదు. తడిమితే జాకీ రాడ్డు చేతికందింది. దాంతో వాడి భుజం మీద ఒక్కటిచ్చాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది, తమ్ముడు పక్కకు ఒరిగాడు. రెండో దెబ్బకు బావ రాడ్డు లేపాడు గానీ, లేవబోయి ఆయిలులో జారి గోడకు గుద్దుకుని కూలబడ్డాడు. రాడ్డు ఎగిరి తమ్ముడి కాళ్ళ దగ్గర పడింది. కుడిచెయ్యి వేలాడుతుంటే తమ్ముడు ఎడంచేత్తో దాన్ని అందుకున్నాడు.

చప్పుడు విని వీధిలోవాళ్ళు గేటు దగ్గర మూగారు. బావ నెత్తురు తుడుచుకుని వాళ్ళ వంక చూసి, పళ్ళన్నీ ఎర్రగా కనబడేలా నవ్వాడు.

"ఏం లేదండీ. బావమరిదితో సరసం కాస్త ముదిరింది."

వాళ్ళు నవ్వారు. అలవాటు కొద్దీ నవ్వారు.

ఆ నవ్వుతో తమ్ముడిలో మిగిలిన కాస్త మనిషీ పోయాడు. చాచి ఉన్న కుడి బూటు ముందు నిలబడి, దాని చీలమండకు గురిపెట్టి రాడ్డు తలమీదికి ఎత్తాడు. ఈ జన్మలో ఆ కాలు మళ్ళీ నేల మీద మోపకూడదు, ఒక్కటే లెక్క.

అక్క వచ్చి రాడ్డు పట్టుకుంది.

"వదులక్కా."

"వద్దురా. వాడి కాలు విరిగితే పక్క మార్చేది ఎవరు, ఒళ్ళు తుడిచేది ఎవరు? నీకేం, కొట్టి జైలుకెళ్తావు. నన్ను మాత్రం వాడి మంచానికి కట్టేసి పోతావు. వాడు నడవగలిగితేనే నేను పోగలను."

పోతాను అన్న మాట అక్క నోట పదేళ్ళలో ఎన్నడూ రాలేదు. తమ్ముడి చెయ్యి దానంతటదే దిగింది. ఆమె రాడ్డు తీసుకుని, కుంటుతూ వెళ్ళి అట్టముక్క మీద పడుకుని బండి కిందికి దూరింది. ఒలికిన మడ్డిలో వేళ్ళతో వెతికి నట్టు పట్టుకుంది, చీర కొంగుతో తుడిచి బిగించింది. తమ్ముడు పని చేస్తుంటే ఇన్నేళ్ళూ పక్కన నిలబడి చూసింది ఊరికే పోలేదు. మార్చాల్సిన పాత ఆయిలు ఫిల్టరు జోలికి మాత్రం వెళ్ళలేదు.

ఇక మిగిలింది బావ తెచ్చిన డబ్బా ఒక్కటే. అక్క దాని సీలు పీకి గరాటు పెట్టింది.

"అది చిక్కటిదక్కా," అన్నాడు తమ్ముడు, నొప్పికి పళ్ళు బిగించి.

"మీ ఊరి దాకా లాగుతుందా?"

లాగుతుంది, ఎక్కువ తొక్కకుండా పోతే లాగుతుంది అన్నాడు వాడు. అక్క డబ్బా వంచింది. బెల్లం పాకంలా నెమ్మదిగా దిగుతున్న ఆ ఆయిలును చూస్తూ, కొలపుల్ల మీద గీత దాకా వచ్చేవరకు కదలకుండా నిలబడింది. తర్వాత స్టాండ్లు తీసి, జాకీ దించి, రాడ్డును వ్యానులో వెనక సీటు కింద పడేసింది. పిల్లల్ని స్కూల్లోనే ఎక్కించుకుందామని మాత్రం చెప్పింది. ఇంట్లోకి వెళ్ళి ఏదీ తెచ్చుకోలేదు. తమ్ముడు పక్క సీట్లోకి ఎక్కేటప్పుడు విరిగిన భుజం తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి.

ఇంజన్ స్టార్ట్ అయింది. చిక్కటి ఆయిలు పైకెక్కేదాకా కాసేపు టకటకా కొట్టుకుని సర్దుకుంది.

ఈలోగా బావ గోడ పట్టుకుని లేచాడు. తూలుకుంటూ వచ్చి వ్యాను ముందు నిలబడి, కుడి బూటు తీసుకొచ్చి సరిగ్గా ముందు చక్రం కింద పెట్టాడు. గేటు దగ్గరున్నవాళ్ళ వైపు కన్ను కొట్టాడు.

"పొమ్మనండి చూద్దాం. మా ఆవిడకు ఎదురుగా ఉన్న గుమ్మమే కనిపించదు."

ఈసారి ఒకళ్ళిద్దరే నవ్వారు.

"అక్కా, చక్రం కింద కాలు పెట్టాడు," అన్నాడు తమ్ముడు.

"చూశాను."

అక్క క్లచ్ వదిలింది. టైరు బూటు కొసను పట్టుకుంది, తోలు నలిగిన చప్పుడైంది. బావ మొహంలో నవ్వు ఇంకా ఉంది, ఆమె ఆపుతుందన్న నమ్మకం ఇంకా ఉంది. ఆమె ఆపలేదు. బావ గావుకేక పెట్టి కాలు లాక్కున్నాడు. బూటు టైరు కిందే ఉండిపోయింది, ఆయన మాత్రం ఒంటి మేజోడుతో తెరిచి ఉన్న గేటు రెక్క మీద పడ్డాడు.

జనం దారి ఇచ్చారు. ఎవరూ నవ్వలేదు.