డ్రిల్లు మాస్టారు కలిపిన పాలపొడి

బడిలో ముప్పై ఏళ్లు పిల్లల చేత వ్యాయామం చేయించి రిటైరైన ఆయన్ని వీధి వీధంతా డ్రిల్లు మాస్టారనే పిలుస్తుంది. ఆయన కోడలు బస్టాండు కౌంటర్లో టిక్కెట్లిస్తుంది. ఆమె మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముకల్లో బలం లేదు, కాల్షియం పెంచాలన్నాడు డాక్టరు. కట్టు విప్పి ఆమె మళ్లీ ఉద్యోగానికి వెళ్తోంది కానీ గిన్నె ఎత్తలేకపోతోంది. కొడుకేమో తెల్లారకముందే డ్యూటీకి పోతాడు. దాంతో పొద్దుటి వంట మాస్టారి చేతికొచ్చింది.

"పాలు నాకు పడవు మావయ్యా, కడుపు తిప్పేస్తుంది" అని కోడలు ముందే చెప్పింది. మాస్టారు చెవిన పెట్టలేదు. పాలు పడకపోవడమేమిటి, ఈ కాలం వేషాలు కాకపోతే! ఆమె స్నానానికి వెళ్లగానే ఓట్స్ జావలో రెండు పెద్ద చెంచాల పాలపొడి కలిపేశాడు. మర్నాడూ అంతే.

మూడోరోజూ కలిపాడు. ఆరోజు ఆమె గొడుగు మరిచిపోతే ఇచ్చొద్దామని బస్టాండుకు వెళ్లాడు. కౌంటరు మూసి ఉంది. జనం బారులు తీరి ఉన్నారు.

"ఇది నాలుగోసారి లేచెళ్లడం! జీతాలిచ్చేది బాత్రూములో కూర్చోడానికా?" అని ఒకాయన అరిచాడు. అందరూ గొల్లున నవ్వారు. అప్పుడే కోడలు పొట్ట పట్టుకుని, పాలిపోయిన మొహంతో వచ్చి, తలెత్తకుండా టిక్కెట్లు ఇవ్వసాగింది.

మైదానమంతా మారుమోగే గొంతు మాస్టారిది. అయినా గొడుగు చంకలో పెట్టుకుని దొంగలా జారుకున్నాడు.

కాళ్లు ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాయి. సంగతి విని డాక్టరు తలపట్టుకున్నాడు. "పాలు అరగని మనిషికి పాలపొడా! బలం మాట దేవుడెరుగు, ఉన్న ఓపికా పోతుంది. నువ్వులున్నాయి, ఆకుకూరలున్నాయి, ముళ్లతో సహా నమిలే చిన్న చేపలున్నాయి. నన్నొక్క మాట అడగాల్సింది మాస్టారూ."

సాయంత్రం కోడలు రాగానే పాలపొడి డబ్బా ఆమె ముందు పెట్టాడు.

"మూడు రోజులుగా జావలో ఇదే కలుపుతున్నానమ్మా. ఇవాళ బస్టాండుకీ వచ్చాను. వాళ్లు నవ్వుతుంటే నోరు మూసుకుని వచ్చేశాను."

ఆమె డబ్బాను పక్కకు నెట్టింది.

"నా పొట్ట సంగతి నేను చెప్తే అబద్ధమనుకున్నారా మావయ్యా?"



మర్నాటినుంచి ఇంకా బలం రాని చేత్తోనే తన జావ తనే కాచుకుంది. ఆయన నువ్వులు వేయించి పొడి కొట్టి సీసాలో పోసి బల్ల మీద పెట్టేవాడు. ఆమె ముట్టేది కాదు. నెల తిరిగాక ఒక ఉదయం ఆ సీసా దగ్గరికి లాక్కుంది. మూత తీసి వాసన చూసింది. వేలితో అద్ది నాలిక మీద వేసుకుని, కాసేపు ఆగింది. తర్వాతే ఒక చెంచా జావలో వేసుకుంది.

మాస్టారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె తిని లేచేదాకా ఇటు తిరగలేదు.