రెండు బండ్ల కారు

డీలరు నన్ను అక్కా అని పిలిచేవాడు. నాకు సొంత తమ్ముళ్లు ముగ్గురున్నారు. ముగ్గురూ కలిసి ఏడాది పొడుగునా పిలిచినన్ని సార్లు ఈ ఒక్కడూ పావుగంటలో పిలిచేశాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఎర్ర కారు అద్దంలో నా మొహం చూసుకుని మురిసిపోతున్నాను మరి.

నేను నర్సుని. ఆస్పత్రిలో కాదు, ఇళ్లకు వెళ్లి మంచం పట్టినవాళ్లను చూసుకుంటాను. కట్లు మార్చడం, సూదులు వేయడం, ఒళ్లు తుడిచి పక్కకు తిప్పి పడుకోబెట్టడం నా పని. రోజుకు తొమ్మిది ఇళ్లు తిరగాలి. బస్సులు మారుతూ ఆరిళ్లకు మించి తిరగలేకపోతున్నాను. సొంత బండి ఉన్నవాళ్లనే ఉంచుకుంటామని మా ఆఫీసులో చెప్పేసి, నెలాఖరు దాకా గడువిచ్చారు. అందుకని ఉన్నదంతా ఊడ్చి, పదకొండేళ్ల వయసున్న ఆ కారు కొన్నాం. కొనే రోజు మా ఆయనకు సెలవు దొరకలేదు. ఆయన పెద్ద పెద్ద నీళ్ల ట్యాంకులు చేసే వర్క్‌షాపులో వెల్డరు. ఇంజన్ చప్పుడు బాగుంటే తీసుకో అని ఫోన్లో చెప్పాడు. చప్పుడు నిజంగానే బాగుంది.

వారం తిరక్కుండానే కారు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. స్టీరింగు గట్టిగా పట్టుకోకపోతే తన దారిన తను పోతోంది. వెనక తలుపు రెండుసార్లు బాదితే గాని పడదు. డీలరు దగ్గరికి వెళ్లాను.

"రోడ్డు వాలుగా ఉంటుందక్కా. బండిదేం లేదు," అన్నాడు.

రెండోసారి వెళితే నా చేతుల్లోనే తేడా ఉందన్నాడు. మూడోసారి వెళ్లేసరికి తత్వం బోధించాడు.

"వయసైతే మనకి మోకాళ్ల నొప్పులు రావా అక్కా. దీనికీ అంతే. ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నానని మీరే సంతకం పెట్టారుగా."

"నా మోకాళ్లు బాగానే ఉన్నాయి తమ్ముడూ. నువ్వు బండి సంగతి చూడు," అన్నాను. నవ్వి, లోపలికి వెళ్లిపోయాడు. ఒళ్లు మండింది. కానీ సంతకం నాదే, ఏం చేస్తాను.

టైర్ల షాపులో చక్రాలు సరిచేయిద్దామని వెళ్లాను. ఆ షాపాయన పెద్దమనిషి, మాటలు తక్కువ. కారుని పైకెత్తి, కొలతలు తీసి, మళ్లీ తీసి, మూడోసారి కూడా తీశాడు. ఆ తర్వాత వెనక సీటు ఊడదీసి, కింద పరిచిన పట్టా ఎత్తాడు. స్క్రూడ్రైవరుతో గీరితే రంగు కింద తెల్లటి పుట్టీ పొడిపొడిగా రాలింది. దాని కింద ఈ పక్క తలుపు నుంచి ఆ పక్క తలుపు దాకా, కారు నేలకి అడ్డంగా, ఒక గీత కనిపించింది.

"ఇటు రండమ్మా," అన్నాడు. "ఇది ఒక బండి కాదు. రెండు బండ్లు. ముందు సగం ఒకదాన్నించి, వెనక సగం ఇంకోదాన్నించి కోసి, మధ్యలో అతికారు."

నాకు అర్థం కాలేదు. అతికితే ఏమవుతుందని అడిగాను.

"ఏదో ఒకరోజు విడిపోతుంది."

వెనక సీట్లో రోజూ మా అమ్మాయి కూర్చుంటుంది. స్కూల్లో దింపేదాకా పాఠాలు గట్టిగా చదువుకుంటూ వస్తుంది. ఆ సీటు ఇప్పుడు షాపు నేల మీద బోర్లా పడి ఉంది. మంచినీళ్లు అడిగితే ఆయన సీసా ఇచ్చాడు. పదహారేళ్లుగా గురి తప్పకుండా సూదులు వేస్తున్న చేతులతో, సగం చీర మీదే పోసుకున్నాను.

అయితే దారిలో కాస్త ధైర్యం వచ్చింది. మా ఆయన వెల్డరు కదా. ఇరవై ఏళ్ల అనుభవం. అతుకు గురించి ఆయన చెప్పిన మాటకు ఎదురు చెప్పడం ఆ డీలరు తరం కాదు. సాక్షి నా ఇంట్లోనే ఉన్నాడు. టైర్ల షాపాయన తన లారీ మీద కారెక్కించి మా ఇంటి ముందు దింపి వెళ్లాడు. సాయంత్రం మా ఆయన రాగానే, చెప్పులు కూడా విడవనివ్వకుండా సంగతంతా చెప్పాను.

టార్చి తీసుకుని కారు కింద దూరాడు. నాకు పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను పైనుంచి డీలరుని, అతని ఏడు తరాల్నీ తిడుతూనే ఉన్నాను. కాసేపటికి టార్చి ఆరిపోయింది, మనిషి మాత్రం బయటికి రాలేదు.

"ఏమండీ, పడుకున్నారా ఏంటి కింద?"

వచ్చాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. కడుక్కున్న చేతులే మళ్లీ కడుక్కున్నాడు.

"ఇది నేను వేసిందే," అన్నాడు.

"ఏది?"

"ఆ అతుకు. ప్రతి చోటా చివర్న వేలెడంత వెనక్కి తిప్పి ఆపుంది. అక్కడ పగుళ్లు రాకుండా మా గురువు నేర్పాడు. ఇక్కడ ఇంకెవరూ అలా వెయ్యరు."

కుళాయి కట్టేసి, ఎప్పుడు వేశారని అడిగాను.

ఐదేళ్ల కిందట వర్క్‌షాపు మూతపడి ఆయన ఖాళీగా ఉన్నప్పుడు, గూడ్సు స్టేషను వెనక ఒక షెడ్డులో నెలన్నర పని దొరికింది. సగాలు సగాలుగా కోసిన కార్లు తెచ్చి అతకమనేవారు. ఇవి సినిమాల్లో పగలగొట్టడానికి, ఒక్క షాటు నిలబడితే చాలు అన్నాడట మేస్త్రీ. లోపల ఇనప పట్టీ వేస్తే గట్టిగా ఉంటుందని మా ఆయన అంటే, పట్టీ వద్దన్నాడు. విరిగినప్పుడు బాగా విరగాలి అన్నాడు. అలా ఐదు కార్లు అతికాడు.

ఆ రోజులు నాకూ గుర్తున్నాయి. గుర్తులేకపోతే ఎంత బాగుండేది. ఆయన మొదటిసారి తన పని గురించి గొప్పగా చెప్పుకుంది అప్పుడే. ఆరు నెలలపాటు వచ్చిన ప్రతి ఫైటింగు సినిమాకీ మమ్మల్ని తీసుకెళ్లాడు. తెర మీద కారు పల్టీలు కొట్టగానే ముందుకు వంగి, ఇది నాదేమో అనేవాడు. అప్పటికి ఆరేళ్ల మా అమ్మాయి, మా నాన్న కారు అని చప్పట్లు కొట్టేది. చుట్టుపక్కలవాళ్లు మా వైపు చూస్తే నేను కూడా కాస్త గర్వంగానే కూర్చునేదాన్ని. కార్లు గుర్తుపట్టడానికి వీలుగా రంగులూ, ముందు భాగం మీద చెక్కిన నంబర్లూ పిల్ల నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాడు కూడా. ఒక్కటీ తెర మీద కనబడలేదు. సినిమావాళ్లు రంగులు మార్చేస్తారులే అని సర్దిచెప్పుకున్నాం.

మా చెవుల్లో వాళ్లు పువ్వు పెడితే, మేం దాన్ని సర్దుకుని మరీ సినిమాకి వెళ్లాం.

మర్నాడు ఇద్దరం డీలరు దగ్గరికి వెళ్లాం. గల్లా దగ్గర అతని బావమరిది కూర్చుని ఉన్నాడు. మా ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. షెడ్డు మేస్త్రీ అతనే. ఎవరూ ఎవర్నీ పరిచయం చేయాల్సిన పని లేకపోయింది. డీలరు మాత్రం మొహంలో నవ్వు చెరగనివ్వలేదు. మమ్మల్ని లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు.

"పొరపాటు జరిగిందక్కా. బండి వెనక్కి ఇచ్చెయ్యండి, మీ డబ్బు మొత్తం ఇప్పుడే ఇచ్చేస్తా. ఇంకో మంచి బండి కూడా చూపిస్తా. బావగారి చేతిపని అందులో ఉంది కాబట్టి బయట మాటొస్తే బావగారికే ఇబ్బంది. నా బాధ అంతా ఆయన గురించే."

నెలాఖరుకు ఆరు రోజులుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నా నోట్లోంచి సరే అన్న మాట వచ్చేసింది. పూర్తిగా వచ్చేసింది.

"మళ్లీ ఎవరికి అమ్ముతారు దీన్ని?" అని అడిగాడు మా ఆయన.

డీలరు నా వైపు చూశాడు, మీరైనా చెప్పండక్కా అన్నట్టు. నేను నేల చూశాను. మా ఆయన లేచి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. వెనకాలే పరిగెత్తాను. రోడ్డు మీద అందరూ చూస్తుండగా ఆయన్ని తిట్టాను. మీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది, పిల్లని తీసుకుని ఎక్కడ తిరగమంటారు అన్నాను. వింటూ నడిచాడు. వాహనాల తనిఖీ ఆఫీసు గేటు దగ్గర గాని ఆగలేదు.

తనిఖీ అధికారికి మా కథ నమ్మడానికి కొంత టైము పట్టింది. సినిమా మాట దగ్గర ఒకసారి పెన్ను ఆపి, మా ఇద్దరి మొహాలూ చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మీ పేరు కూడా నిందితుల్లో చేర్చాల్సి వస్తుందండీ," అన్నాడు మా ఆయనతో.

"రాయండి."

మా ఆయన సంచిలోంచి పిల్ల నోటుబుక్కు తీసి, చివరి పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. ఐదు రంగులు, ఐదు నంబర్లు. అధికారి ఒక్కో నంబరూ కంప్యూటర్లో కొట్టాడు. మొదటిది మాదే. తర్వాతి మూడూ రోడ్డు మీద తిరుగుతున్నాయి. వాటి యజమానులకు వెంటనే ఫోన్లు చేయమని పక్క బల్ల ఆయనకు చెప్పాడు. అవి దొరికాయన్న సంతోషంతో నాకు ఊపిరాడింది. ఐదోది కొట్టి, అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది లేదండీ. తుక్కు కింద తీసేశారు. మూడేళ్లయింది. ప్రమాదం."

"ఎలా?" అన్నాడు మా ఆయన.

"మలుపులో. తండ్రి నడుపుతున్నాడు. ఆయనకి దెబ్బలు. వెనక సీట్లో కూతురు, ఎనిమిదేళ్లు." ఆ తర్వాత చదవడం మానేసి, తెర మీద ఉన్నదాన్ని ఊరికే చూశాడు. "డ్రైవరు నిర్లక్ష్యం, మితిమీరిన వేగం అని రాశారు. ఆయన తప్పు ఒప్పుకున్నాడు. కేసు మూసేశారు."

"బండి రెండయిందా?"

"అయింది. గుద్దుకున్న వేగానికి విరిగిందని రాశారు."

నా పక్కన కుర్చీ కదిలింది. మా ఆయన లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చున్నాడు. ఆయన్ని పట్టుకుందామని చెయ్యి చాపాను. ఆ చెయ్యి భుజం మీద వేయాలో, చెంప మీద వేయాలో నాకు తెలియలేదు. గాలిలోనే ఉంచి, వెనక్కి తీసుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను పీకుతూనే ఉంటుంది.

"ఆయనకి ఈ సంగతి ఎవరు చెప్తారు?" అని అడిగాడు చివరికి.

"పద్ధతి ప్రకారం నోటీసు వెళ్తుంది. నాలుగైదు నెలలు పట్టొచ్చు. అడ్రసు మీకు చెప్పడానికి నాకు అధికారం లేదు." అలా అని అధికారి మంచినీళ్లకని లేచి వెళ్లాడు. తెర మా వైపే తిరిగి ఉంది.

రెండు బస్సులు మారి వెళ్లాం. మూడంతస్తుల మేడలో పై వాటా. మెట్ల గోడకి సైకిలు గుద్దిన మరకలు. తలుపు తీసింది మా ఆయన వయసువాడే. ఎడమ కాలు ఈడుస్తూ వచ్చాడు. షేవింగు సగంలో ఉంది, ఒక చెంప మీద ఇంకా నురుగు ఉంది. ఏదో అమ్మడానికి వచ్చామనుకున్నట్టున్నాడు.

"ఏం కావాలండీ?"

ఏం చెప్పాలో బస్సులో మా ఆయన ఎన్నిసార్లు అనుకున్నాడో, పెదాలు కదలడం నేను చూశాను. ఇప్పుడు అందులో ఏదీ చెప్పలేదు.

"నేను వెల్డర్నండి. మీ కారు అతికింది నేను. అది రెండు ముక్కల బండి. మలుపులో దానంతటదే విడిపోయింది. మీ తప్పు లేదండి."

అతను కొడతాడనుకున్నాను. కొట్టినా అడ్డం వెళ్లకూడదని కూడా అనుకున్నాను. అతను కొట్టలేదు. తలుపు రెక్క పట్టుకుని, మా ఆయన చేతుల్ని చూస్తూ నిలబడ్డాడు. లోపల గదిలో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంటికి ఎవరో వచ్చారని తెలిసినా, ఎవరని అడిగే అలవాటు లేని మనిషి చప్పుడు అది. అతను ఒకసారి అటు చూసి, మళ్లీ మా ఆయన వైపు తిరిగాడు.

"నాకు కాదు," అన్నాడు. "మా ఆవిడకి చెప్పండి. ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పండి. మూడేళ్ల నుంచి నాతో మాట్లాడట్లేదు."