పద్మనాభం గారు వద్దంటే

అమెరికాలో బాతెల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు పాత బండి కొనాలంటే ముందు పద్మనాభం గారిని బతిమాలుకోవాలి. ఆయన మెకానిక్ కాదు. విమానాల విడిభాగాలకి ముప్ఫయ్యేళ్ళు క్వాలిటీ చెక్ చేసి రిటైరైన మనిషి. అయితేనేం, టార్చిలైటు పట్టుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఆయన "బాగుందయ్యా" అంటే కొనేస్తారు. "వద్దు" అంటే కొనబోయేవాడు మారు మాట్లాడకుండా ఇంటికి పోతాడు. ఒకసారి ఎవరో తళతళలాడే మినీవ్యాన్ చూపిస్తే, కార్పెట్ ఎత్తి వాసన చూసి, ఇది వరదలో మునిగిన బండి అని తేల్చేశారట. అప్పట్నుంచి ఆయన ముక్కుకి కూడా గిరాకీ పెరిగింది.

ఉమ గురువారం లంచ్ టైములో ఆయనకి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, శనివారం మాతో మన్రో వస్తున్నారట కదా, బండి చూడ్డానికి?"

"వస్తున్నానమ్మా. మూడు చక్రాల మోటర్‌సైకిల్ నేనింతవరకూ చెక్ చెయ్యలేదు. మీ ఆయన అవినాష్ ఫోటోలు పంపించాడు. సరదాగా ఉంది."

"చూడండి. చూసి, వద్దని చెప్పండి."



"చూడకుండానే ఎలా వద్దంటానమ్మా?"

"చూశాకే అనండి. పంతొమ్మిదేళ్ళ బండికి ఏదో ఒక లోపం ఉండకపోతుందా? నేను వద్దంటే ఎందుకని అడుగుతాడు. మీరు వద్దంటే ఇంక ఆ మాటెత్తడు."

"నేనూ అడుగుతున్నాను. ఎందుకు?"

ఉమ ల్యాబ్ కారిడార్‌లో అటూ ఇటూ చూసింది. తెలుగు వచ్చినవాళ్ళెవరూ లేరు.

"నాకు భయం అన్నయ్యగారూ. పాత బండి వెనక కూర్చున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉండేదాన్ని. తొమ్మిదేళ్ళూ ఇదే వరస. అవినాష్‌కి తెలీదు."

"చూద్దాంలే అమ్మా," అన్నారు పద్మనాభం గారు. ఆ మాటని ఉమ సరే అన్నట్టే లెక్కేసుకుంది. చూద్దాం అనేది ఎవరు ఎలా కావాలంటే అలా వినే మాట.

ఉమ సామాన్యురాలేమీ కాదు. యాభై ఒక్కేళ్ళ మనిషి, బయోటెక్ కంపెనీలో ల్యాబ్ మేనేజరు. పదిమంది పీహెచ్‌డీల మొహమ్మీదే "ఇది తప్పు, మళ్ళీ చెయ్యండి" అని చెప్పగలదు. అంతటి మనిషి మొగుడికి ఒక్క మాట చెప్పలేక పక్కింటి పెద్దమనిషి గడ్డం పట్టుకుంటోందంటే, తప్పు ఎక్కడో మొదట్లోనే జరిగింది.

తొమ్మిదేళ్ళ క్రితం కూతురు అనిక కాలేజీకి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. రెండు నెలలు తిరక్కుండా అవినాష్ ఓ పెద్ద టూరింగ్ మోటర్‌సైకిల్ కొనుక్కొచ్చి "మనిద్దరికీ" అన్నాడు. మొదటి ఆదివారం ఉమని వెనకెక్కించుకుని కొండదారి వెంట గంటసేపు తిప్పాడు. మలుపు మలుపుకీ బండి పక్కకి ఒరిగిపోతుంటే ఉమ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచింది. తెలియనివాళ్ళని కూడా ఒకరిద్దర్ని పిలిచి ఉంటుంది. తీరా దిగాక, హెల్మెట్ తీసి వెలిగిపోతున్న మొహంతో "ఎలా ఉంది?" అనడిగాడు అవినాష్. ఆ మొహానికి నిజం చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. "భలే ఉంది" అంది. ఆ ఒక్క మాటతో తొమ్మిదేళ్ళ ఆదివారాలు తాకట్టు పడిపోయాయి.

పోయినేడు అవినాష్‌కి నడుంలో డిస్కు జారింది. సర్జరీ చేసిన డాక్టరు, నాలుగువందల కిలోల బండిని కాళ్ళమీద ఆపుకునే పని ఇక పెట్టుకోవద్దన్నాడు. మార్చిలో బండి అమ్మేశారు. కొన్నవాడు దాన్ని ట్రక్కెక్కించుకుని పోతుంటే ఉమకి లోపల పండగే. ఆ పండగ మొహంలో ఎక్కడ కనిపిస్తుందోనన్న కంగారులో కాస్త ఎక్కువ చేసింది. "అయ్యో, ఇక మన ఆదివారాలు ఎలా అవినాష్?" అని కళ్ళొత్తుకుంది. అక్కడితో ఊరుకుందా? భోజనాల దగ్గర నాలుగు రోజులు నిట్టూర్పులు కూడా విడిచింది. పాపం అవినాష్ అన్నీ నమ్మాడు. రెండు నెలలు ఇంటర్నెట్ అంతా జల్లెడపట్టి, కాళ్ళమీద ఆపక్కర్లేని బండి ఒకటి కనిపెట్టాడు. ముందొక చక్రం, వెనక రెండు. వెనక కూర్చునేవాళ్ళకి వీపు ఆనించుకోవడానికి దిండు, చేతులు పెట్టుకోవడానికి రెండు పక్కలా ఆసరా.

"సోఫాలా ఉంటుంది ఉమా. ఇదంతా నీ కోసమే," అన్నాడు.

చేజేతులా తవ్వుకున్న గొయ్యి అంటే అదీ.

శనివారం పొద్దున పదింటికల్లా ముగ్గురూ మన్రోలో బండి ఓనరు ఇంటిముందు దిగారు. ఓనరు పేరు లొవెల్, స్కూలు బస్సు నడిపి రిటైరైన డెబ్భయ్యేళ్ళ పెద్దాయన. గ్యారేజీ లేని అపార్ట్‌మెంట్‌కి మారుతున్నాడు, అందుకని అమ్ముతున్నాడు. బండి ముదురు ఎరుపు రంగులో చిన్న కారంత ఉంది. అవినాష్ దాని చుట్టూ తిరుగుతూ ఏమీ ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అంత ఇష్టం పుట్టిందన్నమాట.

పద్మనాభం గారు పని మొదలుపెట్టారు. మొదట ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూశారు. అమ్మేవాళ్ళు కొందరు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచుతారు, స్టార్టింగ్ ట్రబులు బయటపడకుండా. ఇంజిన్ చల్లగానే ఉంది. స్టార్ట్ చేయిస్తే మొదటి నొక్కుకే పలికింది. అట్టముక్క పరిచి కింద పడుకుని టార్చి వేశారు, ఆయిల్ చెమ్మ లేదు. బ్రేకు ఆయిల్ రంగు చూశారు. రివర్స్ వేయించారు. టైరు పక్కన చెక్కి ఉన్న తయారీ తేదీ నాలుగంకెలు చదివి తల పంకించారు.

"ఏమైంది అన్నయ్యగారూ?" అంది ఉమ, ఆశగా.

"టైర్లు తొమ్మిదేళ్ళవి. అరగలేదు కానీ రబ్బరు బిరుసెక్కింది. మార్చాల్సిందే."

"అయితే వద్దా?"

"టైర్లదేముందమ్మా, కొత్తవి వేయించుకోవచ్చు." ఆయన మోకాళ్ళు దులుపుకుంటూ లేచారు. ఉమ వైపు చూడలేదు. "బండి మాత్రం బంగారంలా ఉంది అవినాష్. ఇట్లా చూసుకున్న బండి నేనీమధ్య చూళ్ళేదు."

అవినాష్ మొహం మతాబాలా వెలిగింది. ఉమ పద్మనాభం గారిని గ్యారేజీ మూలకి పిలిచింది.

"ఏమిటి అన్నయ్యగారూ ఇది? నేనేమడిగాను, మీరేం చెప్పారు?"

"వాడూ ఫోన్ చేశాడమ్మా," అన్నారాయన గొంతు తగ్గించి. "నువ్వు చేసిన రోజు సాయంత్రమే. ఉమ బెంగపెట్టుకుంది గురువుగారూ, బండి కాస్త అటూ ఇటూగా ఉన్నా బాగుందనే చెప్పండి, లేకపోతే తను తట్టుకోలేదు అన్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. రెండు రోజులుగా నాకు తిండి సయించలేదు. లోపం దొరికుంటే నీ మాట చెల్లేది. దొరకలేదు. ఆ పెద్దాయన కన్నబిడ్డలా చూసుకున్న బండిని ఆయన ముందే చెడ్డదని నేననలేనమ్మా. నీ మాట నువ్వే చెప్పుకో."

ఉమకి ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే, ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదని కూడా తెలిసింది. అదింకా మండించింది. అటు చూస్తే అవినాష్ వెనక సీటు దిండుని చేత్తో నొక్కి చూస్తున్నాడు, మెత్తగా ఉందా లేదా అని. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇంకో తొమ్మిదేళ్ళు.

"అవినాష్, నాకు వెనక కూర్చోవడం భయం," అంది.

"ఇది ఒరగదు ఉమా. అసలు ఒరగనే ఒరగదు."

"ఇది కాదు. పాతది కూడా. మొదటి రోజు నుంచీ. నేను కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని."

అవినాష్ నవ్వబోయి, పద్మనాభం గారి మొహం చూసి ఆగాడు. "ఎప్పుడైనా ఒకసారా?"

"ఎప్పుడూ."

"ఓరెగన్ బీచ్ దగ్గర సముద్రం చూసి ఏడ్చావు కదా ఉమా!"

"బండి ఆగిందని ఏడ్చాను."

పద్మనాభం గారు అర్జెంటుగా టార్చిలైటులో బ్యాటరీలు సరిచూసుకోవడం మొదలుపెట్టారు. అవినాష్ దిండు మీది చెయ్యి తీసేశాడు.

"నీకు చూపించాలనే ఆ రోడ్లన్నీ వెతికేవాణ్ణి," అన్నాడు చివరికి. "అంటే తొమ్మిదేళ్ళూ నేనొక్కణ్ణే తిరిగానన్నమాట."

కోప్పడి ఉంటే ఉమ తట్టుకునేది, జవాబు కూడా సిద్ధంగా ఉండేది. ఈ మాటకి మాత్రం చాలా తప్పు చేశాననిపించింది. భయపడటం తప్పు కాదు, దాచడం.

తెలుగు రాని లొవెల్ ముగ్గురి మొహాలూ చూసి ఏమైందని అడిగాడు. అవినాష్ దాచకుండా ఇంగ్లీషులో చెప్పేశాడు. పెద్దాయన నవ్వలేదు.

"నువ్వెప్పుడైనా వెనక కూర్చున్నావా?" అని అవినాష్‌ని అడిగాడు.

"లేదు."

"మూడు చక్రాల లైసెన్సుందా?"

అదీ లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో రెండు చక్రాలకి వేరు, మూడు చక్రాలకి వేరు. అవినాష్ దగ్గరున్నది రెండు చక్రాలదే.

"అయితే రోడ్డు మీద నేనే నడపాలి. టెస్ట్ రైడ్ నువ్వు వెనక కూర్చునే చెయ్యాలి," అంటూ లొవెల్ ఇంకో హెల్మెట్ తీసిచ్చాడు.

ఇద్దరూ వెళ్ళారు. ఆ సోఫాలాంటి సీట్లో అవినాష్ పొడుగాటి మోకాళ్ళు ముడుచుకుని, పెద్దాయన భుజాల వెనక నుంచి తొంగిచూస్తూ వెళ్ళడం ఉమ చూసింది. ఇంకోరోజైతే పడిపడి నవ్వేది. ఇప్పుడు మాత్రం, ఆపరేషనైన నడుం, ఎవరి చేతుల్లోనో బండి, అని దిగులు పట్టుకుంది. పద్మనాభం గారు "ఆయన బస్సు నడిపినవాడమ్మా, ఫరవాలేదు" అని రెండుసార్లు అన్నారు. రెండోసారి ఆయన తనకే చెప్పుకున్నట్టుంది.

పావుగంటకి తిరిగొచ్చారు. అవినాష్ రెండు చేతులా ఆసరా పట్టుకుని నెమ్మదిగా దిగాడు. హెల్మెట్ తీస్తే జుట్టంతా చెమట.

"నడుం నొప్పా?" అని ఉమ పరిగెత్తింది.

"నడుం బాగానే ఉంది."

"ఒరగలేదు కదయ్యా?" అన్నారు పద్మనాభం గారు.

"ఒరగలేదండీ. ఒరగదు కాబట్టి మలుపులో మనిషిని బయటికి తోస్తుంది. ఆయన నడిపింది కూడా ముప్ఫై మైళ్ళ స్పీడులోనే. బాగా నడిపాడు. కానీ ఎప్పుడు బ్రేకేస్తాడో, ఎప్పుడు తిప్పుతాడో మనకి తెలీదు. హ్యాండిల్ లేదు, ఏమీ లేదు." ఉమ వైపు తిరిగాడు. "రెండో మలుపు నుంచీ నేనూ కళ్ళు మూసుకున్నాను. పావుగంట నావల్ల కాలేదు. తొమ్మిదేళ్ళు ఎలా కూర్చున్నావే?"

"నిన్ను పట్టుకుని కూర్చున్నాను," అంది ఉమ.

అవినాష్ హెల్మెట్ లొవెల్ చేతికిచ్చి బండి వైపు తిరిగాడు.

"నీ కోసం కొంటున్నానని ఊరికే అన్నాను," అన్నాడు. "నాకే కావాలి ఉమా. అది లేకపోతే నాకు పిచ్చెక్కుతోంది."

"కొనుక్కో. నేను కాదన్నానా?"

"నువ్వు ఎక్కక్కర్లేదు. ఇంకెప్పుడూ ఎక్కమని అడగను."

తీసుకుంటానని లొవెల్‌కి చెప్పాడు. మూడు చక్రాల క్లాసు పూర్తి చేసి లైసెన్సుతో వచ్చి తీసుకెళ్తానని, అప్పటిదాకా ఉంచమని అడిగాడు. ఆ వెనక సీటూ, దిండూ, ఆసరాలూ విప్పేయొచ్చా అని కూడా అడిగాడు. వాటితో ఇక పని లేదన్నాడు. లొవెల్ అదెంతపని అని పానా తెచ్చాడు.

ఉమ కోరుకున్నది సరిగ్గా ఇదే. పద్మనాభం గారు వద్దని ఉంటే కూడా ఇంత బాగా కుదిరేది కాదు. అయినా మొదటి బోల్టు కిర్రుమని తిరిగేసరికి ఆవిడకి ఏడుపొచ్చింది. బండి ఇంటికొచ్చాక ప్రతి ఆదివారం పొద్దున్నే అవినాష్ జాకెట్ వేసుకుంటాడు, తాళాలు తీసుకుంటాడు, ఈ వైపు చూడకుండానే వెళ్ళిపోతాడు. అడగనని మాటిచ్చాడు మరి. ఇచ్చిన మాట తప్పే రకం కాదు.

"వద్దు," అంది ఉమ.

గట్టిగానే వచ్చింది. ముగ్గురూ తిరిగి చూశారు. తెలుగు రాని లొవెల్ కూడా పానా ఆపాడు.

"ఎక్కుతావా?" అన్నాడు అవినాష్.

"ఎక్కను."

"అమ్మా ఉమా, అసలు నీకేం కావాలమ్మా?" అన్నారు పద్మనాభం గారు, ఓపిక చచ్చిపోయి.

"సీటు ఉండాలి. అది విప్పేస్తే నేను రానని చెప్పాల్సిన పనే ఉండదు. తనే వెళ్ళిపోతాడు." ఉమ చున్నీతో మొహం తుడుచుకుంది. "నువ్వు ప్రతి ఆదివారం అడగాలి అవినాష్. నాకు రాబుద్ధి కాకపోతే రానంటాను. నా నోటితో నేనే అంటాను. నువ్వు అడగడం మాత్రం మానకు."

అవినాష్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. లొవెల్ చేతిలోంచి పానా తీసుకుని, వదులైన బోల్టుని తనే బిగించాడు.

"రేపు ఆదివారం," అన్నాడు వంగినవాడు వంగినట్టే. "బండి ఇంకా ఇంటికి రాదు, లైసెన్సూ లేదు. అయినా అడుగుతున్నాను. వస్తావా?"

"రాను," అంది ఉమ.