శిష్యుఁడు పలికిన సాక్ష్యము

గ్రీష్మమధ్యాహ్నమునఁ జండభానుకిరణసంతప్తమై కరఁగిన తారు వాసనతో నిండి, పందెపుఁగారుల ఘోరగర్జనములచేఁ బరిసరమందలి పక్షికులమునెల్లఁ బాఱఁదోలుచున్న చెన్నపట్టణసమీపపుఁ బరుగుబాటయొద్ద, నెల్లూరివాస్తవ్యుఁడగు పరాంకుశరావు తన శిష్యుని శిరస్త్రాణపుఁ బట్టీని స్వహస్తముల బిగించుచుండెను.

ఆతఁడు యౌవనమున నా బాటమీఁదనే పెక్కు జయములు గాంచి, జడివానలో జరిగిన యొక పందెమునఁ గారు గోడం దాఁకి మణికట్టు నుగ్గగుటచే స్టీరింగు విడిచి, శిక్షకుఁడై, తనకుఁ దప్పిపోయిన వేగమునంతయు నొక్కనియందుఁ జూడఁగోరెను. ఆ యొక్కఁడు ప్రద్యుమ్నుఁడు. మలుపునకు ముందు వేగము నెచ్చటఁ దగ్గింపవలయునో, టైరు మొఱనుబట్టి పట్టు సడలుట నెట్లు గ్రహింపవలయునో వానికి నేర్పి, తన యింటనే యుంచుకొని కన్నకొడుకువలెఁ జూచుకొనెను.

నాఁడు పందెమునకు ముందు షెడ్డులో నిరువురే యుండఁగా, చివరిమలుపున సందు దొరకనిచో వెనుకకుఁ దగ్గుమనియు, రెండవస్థానము సిగ్గుచేటు గాదనియుఁ జెప్పెను. ప్రద్యుమ్నుఁడు తల యూఁచెను. కాని జయలోభాంధుఁడై, ఆ మలుపున ముందేఁగుచున్న మాలినియను యువతి కారును బ్రక్కనుండి గ్రుద్ది త్రోసి తాను ముందుగ గీఁత దాఁటెను. ఆమె కారు పల్టీలు గొట్టెను, కాలు విఱిగెను.

విచారణసభలో శిష్యుని పక్షమున క్షమాపణము వేఁడుటకై పరాంకుశరావు మాటలు గూర్చుకొనుచుండఁగా, ప్రద్యుమ్నుఁడు లేచి యాతనివైపు చూడకయే పలికెను.

"గ్రుద్దుమని నన్నాజ్ఞాపించినది మా గురువుగారే. వారి మాట మీఱలేకపోయితిని."

షెడ్డులో జరిగిన మాటలకు సాక్షులు లేరు. సభవారు శిష్యుని మందలించి విడిచి, గురువు శిక్షకానుమతిని శాశ్వతముగ రద్దుచేసిరి. ఆతఁడింటికేఁగి, శిష్యుఁడుండిన గది తలుపు మూసి, దానికి వీఁపుసేర్చి చాలసేపు నిలిచెను. కోపము రాలేదు. తన నేర్పులో లోపమెక్కడనని వెదకికొనెను. దొరకకుండుటయే యెక్కువ బాధించెను.

పిమ్మటఁ బొట్టకూటికై నెల్లూరిలో గృహిణులకుఁ గారు నడుపుట నేర్పుచుండెను. ఒకనాఁటి యుదయమునఁ బెన్నయొడ్డు మైదానమునకుఁ బ్రద్యుమ్నుఁడు విలువైన కారులో వచ్చి, తనకు మలుపులు కుదురుట లేదనియు, రహస్యముగ మరల నేర్పుఁడనియు వేఁడెను.

"సభవారికి నిజము చెప్పితివా?" అని పరాంకుశరావడిగెను.

"ఈ యేఁటి పందెములు ముగిసినంతనే చెప్పెదను. నాఁడు భయపడితిని గురువుగారూ."

"భయము తప్పు గాదు నాయనా. భయపడినవాఁడు బ్రేకు ద్రొక్కవలెను. నీవు నన్నుఁ ద్రొక్కితివి."

అని తాను నేర్పుచున్న కారుకడకు మరలివచ్చి, స్టీరింగు ముందు వణఁకుచున్న సుగుణమ్మయను గృహిణి ప్రక్కఁ గూర్చుండెను. ఆ యబ్బాయి యెవరని యామె యడిగెను. ఆతఁడు దుమ్ము రేపుచు దూరమగుచున్న కారును జూచుచు బదులు చెప్పెను.

"నా శిష్యుఁడమ్మా. క్లచ్చు మెల్లగ విడువుఁడు."

ద్రోహము చేసినవానికి గురువును వదలించుకొనుట సులభమయ్యెను గాని, ద్రోహమునకు గుఱియైనవానికి శిష్యుని గాదనుట చేతఁగాకపోయెను.