లెక్కల టీచరు చెప్పిన ఆఖరి పాఠం

ప్రార్థన అవగానే లెక్కల టీచరు స్టాఫ్‌రూమ్ పక్క గదిలోకి వెళ్ళి, బడికి కొత్తగా వచ్చిన యంత్రం ముందు కూర్చునేది. రోజుకో పాఠం దానికి నేర్పేది. తను ఎలా చెబుతుందో, పిల్లలు ఎక్కడ తడబడతారో, అన్నీ. చెప్పిన పాఠం చెప్పినట్టే ఆమె బుర్రలోంచి పోయేది.

"భిన్నాలు పోయాయటగా?" అని డ్రిల్లు మాస్టారు టిఫిన్ మూత తీస్తూ అడిగేవాడు, పన్ను పీకించుకున్న మనిషిని పలకరించినట్టు. పోయాయని ఆమె నవ్వేది.

పని పూర్తయితే వైస్ ప్రిన్సిపాల్‌ని చేస్తానని హెడ్మిస్ట్రెస్ మాటిచ్చింది. ఆవిడది సోషల్. తన పాఠాల సంగతి వచ్చే ఏడు చూద్దామంది.

హాఫియర్లీ నాటికి బీజగణితం పోయింది. వేసవి వచ్చేసరికి అంకెలే పోయాయి. అదే బడిలో ఐదో క్లాసు చదివే కూతురు బస్సు నంబరు చూసి చెబితే ఎక్కేది. ఆ పిల్లకి లెక్కలు ఓ పట్టాన వచ్చేవి కావు. తల్లే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బుజ్జితల్లీ అని బతిమాలి, నవ్వించి నేర్పింది.

ఒకరోజు హెడ్మిస్ట్రెస్ పిలిచింది. యంత్రం పాఠం బాగానే చెబుతోందట, లెక్క రాని పిల్లలు ఏడిస్తే ఏం చెయ్యాలో మాత్రం దానికి తెలియడం లేదట.

"మీ అమ్మాయికి ఎలా నేర్పారో అది చెప్పండి."

టీచరు కుర్చీలోంచి లేచింది. "అది పాఠం కాదండీ. నా పిల్ల."

"మిగిలింది అదొక్కటేగా. మీ ఆర్డరు మీద సంతకం కూడా పెట్టేశాను."

ఆ మధ్యాహ్నమంతా టీచరు యంత్రం ముందు కూర్చుని చెప్పింది. బయటికొచ్చాక చేతికిచ్చిన ఆర్డరులో, పది దాకా లెక్కపెట్టలేనివాళ్ళకి వైస్ ప్రిన్సిపాల్ పదవి కుదరదనీ, క్లాసులో వెనక కూర్చుని అల్లరి జరక్కుండా చూసుకోవాలనీ ఉంది.

సోమవారం ఐదో క్లాసులో భాగహారం. ముందు బెంచీ పిల్ల రెండుసార్లు తప్పు చేసి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడవకు బుజ్జితల్లీ, మళ్ళీ మొదట్నుంచి చూద్దాం," అంది యంత్రం.

పిల్ల కళ్ళు తుడుచుకుంది. "సరే అమ్మా."

క్లాసంతా గొల్లున నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ హెడ్మిస్ట్రెస్, పిల్లలు యంత్రానికి బాగా అలవాటు పడ్డారని రిపోర్టులో రాసుకుంది. వెనక బెంచీలో టీచరు కూడా నవ్వింది.

"ఎవరి పిల్లండీ? ముద్దుగా ఉంది."

హెడ్మిస్ట్రెస్ పెన్ను మూత పెట్టింది.

"ఐదో క్లాసు పిల్ల," అంది.