అద్దాలు వంచిందెవరు

గురువారం పొద్దున బండెక్కి కూర్చోగానే టైలర్ మాస్టర్‌కి కుడి అద్దంలో రోడ్డు కనిపించాల్సిన చోట తన మోచెయ్యి కనిపించింది. మెడ తిప్పి ఎడమ అద్దంలో చూశాడు. అక్కడా అదే వరస. రెండు అద్దాలూ కిందికి వంగి ఉన్నాయి. ఇంకొకరైతే తిట్టుకుంటూ సరిచేసుకుని వెళ్ళిపోయేవారు. ముప్పై ఏళ్ళుగా జనాన్ని టేపుతో కొలిచి బతుకుతున్న మనిషి అలా ఎలా పోతాడు? సీటు మీద కూర్చునే, అద్దంలో రోడ్డు సరిగ్గా కనిపించేదాకా నడుం వంచుకుంటూ కిందికి దిగాడు. మెడలో టేపు తీసి ఎంత దిగాడో కొలిచాడు. నాలుగంగుళాలకు కొంచెం తక్కువ వచ్చింది. అంటే తన అయిదడుగుల ఆరంగుళాల్లోంచి అది తీసేస్తే, ఈ బండి నడిపిన మనిషి ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, మహా అయితే ఒక అరంగుళం అటూ ఇటూ.

ఇంట్లో ఆ ఎత్తు మనిషి ఒక్కతే ఉంది, అతని భార్య. ఆమె వంటింట్లో గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీస్తోంది. పొద్దున్నే అంత హుషారు దేనికో అని మాస్టర్‌కి ఒళ్ళు మండింది.

అది మామూలు బండి కాదు. ముందు గాలి కొట్టకుండా పెద్ద అద్దం, వెనక రెండు పక్కలా సామాన్ల పెట్టెలు, ఆనుకుని కూర్చునే వెనక సీటు, దూరాభారం పోవడానికి పనికొచ్చే టూరింగ్ బైకు. పదకొండేళ్ళు ఆశపడి కొన్నాడు. వచ్చే నెల షాపు మూసేసి, భార్యను వెనక కూర్చోబెట్టుకుని తొమ్మిది వందల కిలోమీటర్లు పోయి సముద్రం చూసి రావాలి. పెళ్ళయిన కొత్తలో ఇచ్చిన మాట అది. రోజూ షాపుకు నడిచే వెళ్ళే మాస్టర్ ఈ బండిని గురువారాల్లో తప్ప షెడ్డులోంచి కదిలించడు. అలాంటి బండిని ఆమె ఎక్కడికి తీసుకుపోతోంది? ఎవరికోసం? అసలు ఆమెకు నడపడం ఎప్పుడొచ్చింది?

వంటింట్లోకి వెళ్ళి ఆ మాటే అడగొచ్చుగా అంటారు. అడగలేడు. బండి ఎక్కడికి వెళ్ళిందన్న మాట ఎత్తితే, గురువారం గురువారం అది ఎక్కడికి వెళ్తోందన్న మాట కూడా వస్తుంది. లైనింగు గుడ్డ కొనడానికి బజారుకు పోతున్నానని ఇంట్లో చెబుతాడు. పోయేది కంటాస్పత్రికి. నీటికాసులు, అదే గ్లాకోమా అన్నాడు డాక్టరు. సూది బెజ్జం ఇప్పటికీ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఎడమ పక్కనుంచి వచ్చేదే మీద పడేదాకా కనిపించదు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవాలంటే చుక్కలు వేసుకోవాలని, బండి మాత్రం నడపొద్దని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. మెడ ఇంకాస్త ఎక్కువ తిప్పితే సరిపోతుందిలే అని మాస్టర్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ప్రయాణమయ్యాక చెప్పొచ్చనుకున్నాడు. తన గుట్టు అలా కడుపులో దాచుకున్న మనిషికి ఎదుటివాళ్ళు దాచుకుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకని అడగడం మానేసి కాపు కాశాడు. శుక్రవారం షాపుకు బయల్దేరే ముందు గుడ్డ మీద గీతలు గీసే చాక్‌పీసుతో వెనక టైరు పక్కభాగం మీదా, దాని కింద నేల మీదా కలిసేటట్టు ఒక గీత గీశాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి చూస్తే నేల మీది గీత నేల మీదే ఉంది, టైరు మీది గీత చక్రం పైభాగానికి చేరింది. మీటరు ఆరు కిలోమీటర్లు ముందుకు జరిగింది. భోజనం వడ్డిస్తున్న భార్య మోకాలి కింద నీలంగా కమిలి ఉంది.

"కాలికేమైంది?"

"బల్ల తగిలింది."

"ఏ బల్ల?"

"మనింట్లో ఎన్ని బల్లలున్నాయండీ?" అని ఆమె నవ్వేసి మంచినీళ్ళు పోసింది. తడబడకుండా నవ్వడం కూడా నేర్చుకుందని మాస్టర్ మనసులో రాసుకున్నాడు.

ఆదివారం కింది వాటాలో ఉండే తోడల్లుడు పైకి వచ్చాడు. మాస్టర్ భార్యకు అక్క మొగుడు, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆరడుగుల మనిషి. మాస్టర్ చాలా మామూలుగా అన్నట్టు అన్నాడు.

"అన్నయ్యా, బండికి అలారం పెట్టిద్దామనుకుంటున్నా. ఎవరు ముట్టుకున్నా, బండి ఎటు పోయినా ఫోనుకు కబురొస్తుందట."

తోడల్లుడు చేతిలోని టీ కప్పు కిందపెట్టాడు. "దేనికి తమ్ముడూ, దండగ. షెడ్డుకు తాళముంది. నేనూ ఇంట్లోనే పడుంటానాయె."

"పైగా గాలి వీచినా కుయ్యోమంటుంది. వీధిలో వాళ్ళు మనల్ని తిడతారు," అని భార్య అందుకుంది.

అని ఊరుకున్నా బాగుండేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కన్ను మూసి తెరిచేంతసేపే. కానీ మాస్టర్ వాళ్ళిద్దరికీ సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు, ఎదురుగా ఉన్నది మాత్రం అతనికి దివ్యంగా కనిపిస్తుంది. ఇందులో వదిన మొగుడు కూడా ఉన్నాడన్నమాట! ఇల్లంతా ఒక్కటై తనను బయట నిలబెట్టింది.

ఆ తరవాత మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఒక కోటుకు రెండు ఎడమ చేతులు కత్తిరించాడు. అలారం బిగిస్తే ఆమె ఎక్కడికి వెళ్తోందో తెలిసిపోతుంది. కానీ తెలిశాక ఏం చెయ్యాలి? ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె సంచి ఒక్కసారైనా వెతికింది లేదు. ఇప్పుడు పెళ్ళానికి కాపలా పెట్టిన మొగుడైపోవాలా? బిగించకపోతే రోజూ షెడ్డులో గీతలు గీసుకుంటూ బతకాలి. మంచంలో ఒకవైపు తిరిగి పడుకుంటే బిగించాలనిపించేది, రెండోవైపు తిరిగితే వద్దనిపించేది. చివరికి అనుమానమే గెలిచింది. బుధవారం పొద్దున, భార్య స్నానానికి వెళ్ళిన సమయం చూసి, చప్పుడు కాకుండా బండి వీధి చివరిదాకా తోసుకుపోయి, అక్కడ స్టార్ట్ చేసి, నాలుగు వీధుల అవతల బళ్ళకు వైరింగు చేసే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళాడు. తన బండిని తనే దొంగతనం చేసినట్టుందని దారంతా అనిపించింది.

మెకానిక్ మాటకారి. "మంచి పని చేశారు మాస్టర్. ఈ రోజుల్లో ఎవరినీ నమ్మడానికి లేదు," అంటూ సీటు మరలు విప్పాడు. సీటు పైకెత్తి, లోపలికి తొంగి చూసి, టార్చిలైటు వేసి మళ్ళీ చూశాడు. ఒక నల్ల డబ్బీని వేలితో కదిపి, దాని వైరు పట్టుకుని కొంచెం లాగాడు.

"మాస్టర్, ఇందులో ఒకటుందిగా."

"ఏముంది?"

"అలారమే. ఎవరో శుభ్రంగా బిగించారు. రెండు నెలలు కూడా అయినట్టు లేదు. అరిచే రకం కాదిది, గుట్టుగా ఫోనుకు కబురు పెట్టే రకం. బండి ఎక్కడ తిరిగిందీ, ఎక్కడ ఆగిందీ అంతా చెప్తుంది." వైరు వంక చూసి నాలిక్కరుచుకున్నాడు. "ఈపాటికి పెట్టేసే ఉంటుంది."

మాస్టర్ జేబులో ఫోను మోగింది.

"ఏవండీ, ఎక్కడున్నారు?" భార్య గొంతు.

"షాపులోనే. కోటు కత్తిరిస్తున్నా."

"బండి మెకానిక్ కొట్టు దగ్గరుందని ఫోను చెప్తోంది. సీటు కూడా ఎవరో లేపారు. దొంగ..." అని ఆగింది. "మీరేనా?"

అబద్ధం ఆడిన గొంతు ఇంకా తడారకముందే దొరికిపోయాడు. దొరికిపోయిన మొగుడు ఏం చేస్తాడు, ఎగిరిపడ్డాడు. "నామీద నిఘా పెట్టావా? కట్టుకున్న మొగుడి మీద?"

"పెట్టాను," అంది ఆమె. "లైనింగు కొట్టాయన ఇంటికి ఫోను చేసి, మాస్టర్ నెల రోజులుగా బజారుకు రావట్లేదు, ఒంట్లో బాలేదా అనడిగాడు. మరి గురువారాలు ఎక్కడికి పోతున్నారు? బావనడిగి ఇది పెట్టించాను. కంటాస్పత్రి ముందు ఆగుతోందని తెలిసి, ఏ నర్సునో మరిగారనుకున్నా."

"నర్సా?"

"నవ్వకండి. రెండు రోజులు ఏడ్చాను. మూడో గురువారం బస్సెక్కి నేనే వచ్చాను, ఇద్దరినీ కలిపి పట్టుకుందామని. మీరు వరండాలో బెంచీ మీద ఒక్కరే కూర్చున్నారు. మీ ఎడమ పక్కగా వచ్చి నిలబడ్డాను. చెయ్యి చాపితే భుజం తగిలేంత దగ్గర. నన్ను చూస్తారు, మొహం పాలిపోతుంది, కడిగేద్దామనుకున్నా. మీరు చూళ్ళేదు. చాలాసేపు నిలబడ్డాను. లోపల మీ పేరు పిలిచారు, లేచి వెళ్ళిపోయారు."

మాస్టర్ పావంగుళం తేడాను పది గజాల దూరంనుంచి పట్టేస్తానని ఊరంతా చెప్పుకునేవాడు. పక్కన నిలబడ్డ భార్యను చూడలేకపోయాడు.

"మరుసటి రోజునుంచి బావ దగ్గర బండి నేర్చుకుంటున్నా. రెండుసార్లు పడ్డాను."

"నాకు తెలుసని ఒక్క మాట అంటే సరిపోయేదిగా?"

"మీరే చెప్తారని చూశాను. ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు అని. పెట్టెల్లో ఏం సర్దాలో రోజూ నాతో కూర్చుని జాబితాలు రాశారు గానీ, ఇది చెప్పలేదు. వెనక నన్ను కూర్చోబెట్టుకుని, ఆ కళ్ళతో, తొమ్మిది వందల కిలోమీటర్లు ఎలా తీసుకెళ్దామనుకున్నారండీ?"

మాస్టర్ వారం రోజులుగా ఆమె తనకేదో ద్రోహం చేస్తోందని కుమిలిపోయాడు. ఆమె ప్రాణాన్ని తానే వెనక సీటు మీద పెట్టి తీసుకుపోబోయాడని ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఎడమ పక్క ఏమీ కనిపించట్లేదే," అన్నాడు. ఆ మాట డాక్టరుతో తప్ప ఇంకెవరితోనూ అనలేదు. "భయమేస్తోంది."

అవతల ఆమె ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "అక్కడే కూర్చోండి. బండి ముట్టుకోకండి. నేనొస్తున్నా."

మాస్టర్ ఫోను జేబులో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. అంతసేపూ గోడ వైపు తిరిగి స్పానర్లు తుడుస్తున్నట్టు నటించిన మెకానిక్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంతకీ ఏం చెయ్యమంటారు మాస్టర్? పాతది పీకెయ్యనా, కొత్తది బిగించనా?"

"మా ఆవిడ వస్తోంది," అని మాస్టర్ తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. "బండి ఆవిడదే, ఆవిడనే అడుగు."