తుమ్మాకు మేసిన మేకపోతు

మెహబూబ్ బీ బక్రీదు కోసం కొన్న మేకపోతు బెజవాడ వించిపేట సందులోకి వచ్చిన వారానికే దానికి చదువుకున్న చుట్టం ఒకరు దొరికారు.

ఆ చుట్టం ధనశ్రీ. మంగళగిరిలో మగ్గాలు నడిపే మల్లేశ్వరరావు గారి అమ్మాయి. మెహబూబ్ బీ ఆయన దగ్గర చీరలు తెచ్చుకుని బెజవాడలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. ఆయన్ని అన్నగారూ అనేది కాబట్టి ధనశ్రీకి ఈమె అత్తయ్యగారైంది. అమ్మాయి యూనివర్సిటీలో జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. తొంభై ఏడు చివర్లో, చలి రోజుల్లో, నాన్న పంపిన చీరల మూట ఇవ్వడానికి వచ్చి, కిటికీ ఊచకి కట్టిన మేకపోతుని చూసి అక్కడే చతికిలబడింది.

"అత్తయ్యగారూ, దీని ఉమ్మి నాకిస్తారా?"

మెహబూబ్ బీ నవ్వు ఆపుకోలేకపోయింది. "పాలడిగేవాళ్లని చూశాను, తోలడిగేవాళ్లని చూశాను. ఉమ్మి ఏం చేసుకుంటావే తల్లీ?"

"మీరు వక్క నములుతారు కదండీ. మొదట్లో నోరు పట్టేసినట్టు ఉంటుందా?"

"ఉంటుంది. వగరు కదా."

"ఆ వగరు మన ఉమ్మిలో ఉండే ప్రోటీన్లని గట్టిగా పట్టుకుంటుంది. అందుకే నోరు ఎండిపోయినట్టుంటుంది. తుమ్మాకు ఇంకా వగరు. మరి మేకలు దాన్ని అంత ఇష్టంగా ఎలా తింటున్నాయి? నాక్కావలసింది అదేనండీ." ధనశ్రీ తన చెవి కింద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ లాలాజల గ్రంథి ఉంటుంది. అమైనో ఆమ్లాలని పూసల్లాంటివి ఉంటాయి. ఈ గ్రంథి రక్తంలోంచి వాటిని తీసుకుని దండలు గుచ్చి ఉమ్మిలోకి వదులుతుంది. ఆ పూసల్లో ఒకటి ప్రోలీన్. అది ఎక్కువగా ఉన్న దండలు వగరుని ముందే పట్టేసుకుంటాయి. అప్పుడు మేతలో బలం మేకకి దక్కుతుంది. తుమ్మాకు తినేకొద్దీ మేక ఆ దండలు ఎక్కువ గుచ్చుతుందా అని నా అనుమానం."

మెహబూబ్ బీకి సగమే అర్థమైంది. అయినా పెళ్లయిన దగ్గర్నుంచీ వక్క నములుతున్న తన నోట్లో ఇంత వ్యవహారం జరుగుతోందని ఎవరూ చెప్పలేదే అనిపించి, మేకపోతు వైపు కొత్తగా చూసింది. "సరే, తీసుకో. దానికి మాత్రం ఏ దెబ్బా తగలకూడదు. పండక్కి ఇవ్వాల్సింది."

ముందు కొన్నాళ్లు ఉత్త పచ్చిగడ్డి మేపి ఉమ్మి తీశారు. తర్వాత తుమ్మ మొదలైంది. ధనశ్రీ మంగళగిరి కొండ కింద కొట్టించిన కొమ్మలు గోనెలో చుట్టి బస్సులో తెచ్చేది. ముళ్ల మోపు ఎక్కించొద్దని కండక్టర్లు పేచీ పెట్టేవాళ్లు. స్పాంజి ముక్కని పటకారుతో పట్టుకుని దవడ సందులో ఉంచితే మేకపోతు దాన్ని నమిలేది. తడిసిన ముక్కని చిన్న సీసాలోకి పిండి, ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకునేది. ఒకసారి మేకపోతు స్పాంజి మింగేసింది కూడా. ఆ రోజంతా ఇద్దరూ దాని పొట్టకేసి చూస్తూ కూర్చున్నారు. మర్నాటికి అది మామూలుగానే ఉంది, పైగా ధనశ్రీ చున్నీ అంచు కొరికింది.

ఎండలు ముదురుతుండగా ఒక మధ్యాహ్నం ధనశ్రీ మొహం వేలాడేసుకుని వచ్చింది.

"మా ప్రొఫెసర్ గారు ఇలా కుదరదంటున్నారండీ. ఉమ్మిలో మేత కలిసిపోతోందట. దవడ పక్కన చిన్న గాటు పెట్టి, గ్రంథి నుంచి వచ్చే దారిలో సన్నటి గొట్టం పెట్టాలట. పశువుల డాక్టరు గారు చేస్తారు. మత్తు ఇస్తారు కాబట్టి నొప్పి తెలియదు."

"గాటు పెడితే ఇది కుర్బానీకి పనికిరాదమ్మా. అల్లాకిచ్చేది ఏ గాయమూ లేకుండా ఉండాలి."

మేకపోతు ధనశ్రీ మోకాలికి తల రుద్దుకుంటోంది.

"పనికిరాకపోతే... బతుకుతుంది కదండీ" అంది మెల్లగా.

ఆ మాట మెహబూబ్ బీకి కలుక్కుమంది. చేతిలో చీర మడత పెట్టడం ఆపేసింది. "దానిమీద నాకు మాత్రం ప్రేమ లేదనుకున్నావా? రోజూ నీళ్లు పెట్టేది నేను. ఒళ్లు తుడిచేది నేను. ప్రేమ లేనిదాన్ని ఇస్తే అది ఇచ్చినట్టెలా అవుతుంది తల్లీ?"

ధనశ్రీ తలొంచుకుని, ఫ్లాస్కు కూడా మర్చిపోయి వెళ్లిపోయింది. ఆ తర్వాత రాలేదు.

రాకపోతే మెహబూబ్ బీకి తోచలేదు. గట్టిగా అన్నానేమో అని ఒకసారి, తప్పేమన్నాను అని ఇంకోసారి అనుకునేది. మేకపోతు మాత్రం పొద్దున్నే సందు చివరికి చూస్తూ అరిచేది. తుమ్మ కొమ్మల కోసమే అరిచిందో, ఆ పిల్ల కోసమో మరి. చివరికి ఆటో నడిపే కొడుకు నవాబ్‌తో కాలవ గట్టున కొమ్మలు కొట్టించింది. "అమ్మీ, నీక్కూడా పిచ్చి పట్టిందా?" అని అతను నవ్వాడు. మధ్యలో ఆపేస్తే ఆ అమ్మాయి ఇన్నాళ్లు పడ్డ కష్టం మట్టిలో కలుస్తుందని ఆమెకు తెలుసు. స్పాంజి పెట్టడం చూసి నేర్చుకున్నదే. తనే తీసి, సీసాలో పిండి, సోడా కొట్టులో ఐసు అడిగి, ధనశ్రీ వదిలేసి వెళ్లిన ఫ్లాస్కులో పెట్టుకుని మంగళగిరి బస్సెక్కింది.

మల్లేశ్వరరావు గారింట్లో ధనశ్రీ మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. అత్తయ్యగారిని చూసి గభాలున లేచింది.

"ఇదేమిటండీ?"

"నువ్వు అలిగావని మేకకి తెలీదుగా. అది మేస్తూనే ఉంది."

"అలగలేదండీ." ధనశ్రీ ఫ్లాస్కు అందుకుంది. "మీ నమ్మకాన్ని అడ్డం పెట్టి దాన్ని బతికించుకుందామనుకున్నాను. సిగ్గేసి రాలేకపోయాను. గొట్టం పెట్టనని మా సార్‌కి చెప్పేశాను. కాసేపు గొణిగి, ఉన్నదాంతోనే చెయ్యమన్నారు."

మెహబూబ్ బీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఒకమాట చెప్తాను విను. చెవి కింద ఆ గ్రంథులు ఉన్నాయన్నావే, అవి మేం తినం. మాంసంలో కనపడితే తీసి పారేస్తాం. పండగ రోజు అవి నీకిస్తాను. పనికొస్తాయా?"

ధనశ్రీ తల ఊపింది.

పండగ రోజు ధనశ్రీ ఐసు డబ్బాతో వచ్చింది కానీ గుమ్మం లోపలికి రాలేదు. సందులో ఎదురింటి అరుగు మీద కూర్చుంది. నమాజు అయ్యాక లోపల అల్లాహు అక్బర్ అన్న తక్బీర్ వినిపించింది. కాసేపటికి నవాబ్ తెల్లటి గుడ్డలో చుట్టిన చిన్న పొట్లం తెచ్చి డబ్బాలో జాగ్రత్తగా పెట్టాడు. వెనకే మెహబూబ్ బీ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోలేదు. మెహబూబ్ బీ అరుగు మీద ఆమెని ఆనుకుని కూర్చుంది. ధనశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆనక టీ తాగి, ధనశ్రీ డబ్బా తీసుకుని వెళ్లింది.

నెల తిరక్కుండా కబురొచ్చింది, వచ్చి చూడమని. మెహబూబ్ బీ మంచి చీర కట్టుకుని యూనివర్సిటీకి వెళ్లింది. ఘాటు వాసన వేస్తున్న గదిలో, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసిన తెల్ల కాగితాలు. వాటి మీద వరసగా ఊదారంగు మచ్చలు.

"దండలు తెంపి పూసల్ని విడదీసి, ఒక మందు చల్లి వేడి చేస్తే అమైనో ఆమ్లాలు ఇలా ఊదాగా కనపడతాయండీ. ప్రోలీన్ ఒక్కటే పసుపు. ఇది గడ్డి మేసిన మేకది, మాంసం కొట్టు నుంచి తెచ్చిన గ్రంథి. ఇది మనది."

మొదటి కాగితం మీద పసుపు ఉందా లేదా అన్నట్టుంది. రెండో దాని మీద చామంతి రేకంత స్పష్టంగా ఉంది.

"అంటే నీ అనుమానం నిజమేనా?"

"ఒక్క మేకతో ఏదీ తేలదండీ. మైలవరం అడవి వైపు మేకల్ని చాలా చూడాలి. అక్కడా ఇలాగే ఉంటే అప్పుడు చెప్పొచ్చు. కాదని తేలినా తేలొచ్చు."

మెహబూబ్ బీ వినలేదో, వినీ ఊరుకుందో. వంగి ఆ పసుపు మచ్చ పక్కన వేలితో మెల్లగా నిమిరింది.

"అయ్యో, ముట్టుకోకండీ!" అంది ధనశ్రీ.

అప్పటికే ఆలస్యమైంది. కాసేపటికి ఆ చోట ఊదారంగులో వేలిముద్ర గీతలు గీతలుగా తేలింది. మెహబూబ్ బీ హడలిపోయింది. "పాడు చేశానా తల్లీ?"

ధనశ్రీ పకపకా నవ్వింది. "ఆ మందు వేడి లేకపోయినా మెల్లగా పనిచేస్తుంది. మీ చెమటలోనూ అమైనో ఆమ్లాలు ఉన్నాయండీ, అంతే. ఇంకో కాగితం తీస్తాను, సార్‌కి అది చూపిస్తాను."

పాడైన కాగితాన్ని మాత్రం పారేయలేదు. క్లిప్పు తీసి, ఎండ తగలకుండా బీరువాలో పెట్టుకుంది. ఇద్దరూ కలిసి బస్టాపు దాకా నడిచారు. దారిలో మెహబూబ్ బీ, మైలవరంలో తనకు తెలిసిన మేకల వాళ్లెవరో ఒక్కొక్కరి పేరూ చెబుతూ పోయింది.